ఎర్ర టేపు ముడి

పోయిన వారం పెద్దల్లుడు అత్తగారి గుమ్మంలో చెప్పులు విప్పుతూ ఆగిపోయాడు. లోపల్నుంచి అత్తగారి గొంతు ఖంగుమని వినిపించింది: "అల్లుడంటే ఇలా ఉండాలి." ఆ మాట అతని గురించి కాదు. ఆ ఇంట్లో అతని గురించి అలాంటి మాట వినిపించి చాలా కాలమైంది.

ఇప్పుడే కథలోకి వచ్చినవాళ్ళకి రెండు ముక్కలు. ఇది రాగి గని, రాగితో పాటు కాస్త బంగారం కూడా వస్తుంది. నాలుగు ఖండాల్లో గనులున్న కంపెనీకి ఇది ముసలి గని. ఇవాళో రేపో మూసేస్తారని అందరూ గుసగుసలాడుకునే గని. పెద్దల్లుడు ఇక్కడ బ్లాస్టరు. రాతిలో రంధ్రాలు వేయించి, మందు కూరి, పేలుస్తాడు. చిన్నల్లుడు జియాలజిస్టు. పేలి కుప్పపడిన రాయిలో ఏది సరుకో, ఏది చెత్తో తేల్చి, సరుకు చుట్టూ మేకులు పాతి ఎర్ర టేపు కడతాడు. టేపు లోపలి రాయి లారీలెక్కి, లోహం తీసే మిల్లుకి పోతుంది. బయటిది చెత్త దిబ్బకి పోతుంది.

పేలుడు అయ్యాక గనిలోకి మొదట దిగేది బ్లాస్టరు ఒక్కడే. అన్నీ సరిగ్గా పేలాయో లేదో చూసి, రేడియోలో "సరే" అనేదాకా ఇంకెవరూ అడుగు పెట్టకూడదు. కొన్ని వారాల కిందట, అలా ఒంటరిగా దిగిన వేళ, పెద్దల్లుడు పక్క కుప్ప మీద తోడల్లుడు కట్టిన ఎర్ర టేపుని మేకులతో సహా పీకి ఒక పక్కకి జరిపాడు. మిల్లుకి చెత్త పోవాలి, చిన్నల్లుడు పదిమందిలో తల దించుకోవాలి. అదీ పథకం.

మిల్లుకి పోయింది చెత్త కాదు. ఆ గని ఎన్నడూ చూడనంత బంగారం.

చెయ్యాల్సింది చేసింది పెద్దల్లుడు. దండలు పడింది చిన్నల్లుడి మెడలో. ఆ పని చేసింది తనేనని నోరు విప్పితే ఉద్యోగం పోతుంది, విప్పకపోతే కడుపు మండుతుంది. ఆ మంటతోనే అతను గుమ్మం దాటాడు.

"చెప్పులు విప్పడానికి ఇంతసేపా?" వెనక నుంచి భార్య మెల్లగా అంది. "ముఖం కాస్త మామూలుగా పెట్టండి. అమ్మ చూస్తుంది."

"ఇదే మామూలు ముఖం."

"అయితే ఇంకో ముఖం పెట్టండి."

ముందు గదిలో గోడ మీద అతని కళ్ళు ఆగాయి. తన పెళ్ళి ఫోటో ఉండాల్సిన చోట కంపెనీ పత్రిక పేజీ ఫ్రేము కట్టి ఉంది. పసుపుపచ్చ హెల్మెట్టు, తెల్లటి పలువరుస, చిన్నల్లుడు. పెళ్ళి ఫోటో ఫ్రిజ్ పక్కకి చేరింది. తలుపు తీస్తే సగం కనబడదు. పత్రిక పేజీ వేలాడుతున్న మేకు కొట్టింది తనే. గోడ పెళుసుదైతే నాలుగుసార్లు డ్రిల్ చేసి, సిమెంటు నింపి మరీ కొట్టాడు.

"వచ్చావా బాబూ," అంది అత్తగారు. "కుర్చీలు తక్కువయ్యాయి. ఆ స్టూలు లాక్కో, ఇంటివాడివేగా."

ఇంటివాడు కాని చిన్నల్లుడు బల్ల చివర, చేతులున్న కుర్చీలో కూర్చున్నాడు. అది మామగారి కుర్చీ. మామగారు పక్కకి జరిగి మామూలు కుర్చీలో సర్దుకున్నారు. ఆయన రాళ్ళు పిండిచేసే క్రషర్ దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. ఆ మోత ఇప్పటికీ చెవుల్లో ఉందేమో, ఏం చెప్పినా వీధికి వినబడేలా చెబుతారు.

"మన పెద్దవాడు పేలిస్తేనే కదా చిన్నవాడు ఏరుకునేది," అన్నారాయన, పెద్దల్లుడి భుజం తట్టి.

"పేల్చేది మందు," అంది అత్తగారు గరిటె ఆపకుండా. "ఎక్కడ ఏముందో చెప్పేది బుర్ర."

మరదలు నవ్వాపుకుని, బావగారి కంచంలో కూర వడ్డించింది. "బావగారూ, మేం వెళ్ళబోయే చోట ఐదు గదుల ఇల్లట. కొత్త రాగి గనికి ఈయనే చీఫ్ కదా, అందుకని. మీరు, అక్క ఎప్పుడొచ్చినా మీకో గది."

"రెండు గదులు ఊడవడానికే నీకు నడుం పడిపోతుంది, ఐదెందుకే?" అంది పెద్దల్లుడి భార్య.

"ఊడ్చే మనిషిని కూడా కంపెనీయే ఇస్తుందట అక్కా."

అక్క కంచంలో ముద్దని అటూ ఇటూ దొర్లించింది. తన కుళ్ళు తను భరించగలడు పెద్దల్లుడు. భార్య ముఖంలో కూడా అదే కనబడితే భరించలేకపోయాడు.

విచిత్రం ఏమిటంటే, ఇంత వైభోగంలోనూ చిన్నల్లుడు తినడం లేదు. నీళ్ళు తాగుతున్నాడు, గ్లాసు కింద పెడుతున్నాడు, మళ్ళీ తీస్తున్నాడు. ఆఖరికి లేచి చెయ్యి కడుక్కున్నాడు.

"అన్నయ్యా, కంపెనీ కొత్త బండి ఇచ్చింది. చూద్దురుగాని రండి."

"తిననీ బాబూ, బండి ఎక్కడికీ పారిపోదు," అంది అత్తగారు.

"ఒక్క నిమిషం అత్తయ్యా."

సీట్లకి ప్లాస్టిక్ తొడుగు ఇంకా తీయలేదు. కూర్చుంటే కిర్రుమంది. చిన్నల్లుడు తలుపు వేసి, అద్దాలు ఎత్తి, వెనక సీటు కిందికి వంగి ఏదో తీశాడు. చెక్క మేకు. దాని మెడకి చిరిగిన ఎర్ర టేపు ముక్క. దాన్ని పెద్దల్లుడి ఒళ్ళో పెట్టాడు.

"ఈ ముడి ఎవరిది అన్నయ్యా?"

"టేపు ముడి. నీదే అయ్యుంటుంది."

"నేను బూటు లేసు ముడి వేస్తాను. నాకు వచ్చింది అదొక్కటే. లాగితే ఊడిపోతుంది. మీ మరదలు ఇప్పటికీ ఏడిపిస్తుంది. దీన్ని లాగి చూడండి."

పెద్దల్లుడు లాగలేదు. లాగక్కర్లేదు.

"లాగేకొద్దీ బిగుస్తోంది," అన్నాడు చిన్నల్లుడు. "పాత మేకులు మళ్ళీ వాడదామని తీస్తే, ఆ కుప్పవి ప్రతి ఒక్కదానికీ ఇదే ముడి. రెండు చుట్లు తిప్పి, లోపల్నుంచి తీసి, పక్కకి నొక్కడం. పేలుడు తాడు కట్టేటప్పుడు మీరు వేసే ముడి. మీ కింద పనిచేసేవాళ్ళకి నేర్పిద్దామని చూశారు, ఎవరికీ రాలేదు."

ఆ రోజు మేకులు పీకుతుంటే టేపు ఊడొచ్చింది. మళ్ళీ కట్టాడు. దొంగపని చేస్తున్నానని మనసుకి తెలుసు గానీ చేతులకి తెలియదు. చేతులు వాటికి వచ్చిన పని అవి చేసేశాయి. దొంగ తన సంతకం పెట్టి వెళ్ళినట్టయింది.

"ఎవరికి చెప్పావు?"

"ఎవరికీ చెప్పలేదు."

"మీ ఆవిడకి?"

"ఆమెకి చెబితే ఈపాటికి అత్తయ్య మీకు స్టూలు కూడా వేసేది కాదు."

నవ్వు రావాల్సిన మాటే. ఇద్దరికీ రాలేదు.

"ఎందుకు చేశారని అడగను," అన్నాడు చిన్నల్లుడు.

"అడిగినా చెప్పను."

"సరే. ఇంకోటి అడుగుతాను, దానికి చెప్పండి." అతను రెండు చేతులతోనూ స్టీరింగు పట్టుకున్నాడు, బండి కదలకపోయినా. "రేపు పొద్దున హెడ్డాఫీసు నుంచి పెద్దవాళ్ళు వస్తున్నారు. ఇంత బంగారం ఎలా కనిపెట్టావు, ఎక్కడి నుంచి వచ్చింది, ఇంకా ఎంతుంది, చూపించు అంటారు. ఏం చూపించను? నా లెక్కలో అది చెత్త. చెత్త అని నేనే తేల్చిన రాయి మిల్లుకెళ్ళి బంగారమైంది. ఫోటోకి నవ్వమంటే నవ్వాను. అప్పట్నుంచీ సరిగా నిద్ర లేదు."

పెద్దల్లుడి కడుపులో మంట ఎక్కడో సన్నగా చల్లబడింది. చాలా వారాల తర్వాత మొదటిసారి.

"టేపుని మీరు ఏ వైపుకి జరిపారు? లారీలెక్కే ర్యాంపు వైపా, గని గోడ వైపా? ఆ కుప్ప మొత్తం ఎత్తేశారు, నేల చదునైపోయింది. రాయి ఎత్తే షవల్‌లో దారి చూపించే తెర అప్పుడు పాడైపోయి ఉంది, టేపు చూసి తవ్వడమే. ఆ బంగారం ఏ పక్క నుంచి లోపలికొచ్చిందో ఈ భూమ్మీద మీకు తప్ప ఇంకెవరికీ తెలియదు. ఆ పక్కన చూపిస్తే గని ఇంకో పదేళ్ళు నడుస్తుంది. చూపించలేకపోతే మూతే. మీరూ ఇంటికే, నేనూ ఇంటికే."

చిన్నల్లుడికి తెలియనిది తనకి తెలుసు. ఆ మాటని పెద్దల్లుడు నోట్లో బిళ్ళలా చప్పరించాడు.

"చెబితే నాకేంటి?"

"మీ పేరు చెబుతాను. రాయి రంగు మారిందని మా బ్లాస్టరు చూశాడు, ఆయన అన్నాకే నేను టేపు జరిపాను అంటాను. అబద్ధమే, కానీ ఎవరికీ నష్టం లేదు. ఇద్దరి ఫోటో వేస్తారు."

ఇద్దరి ఫోటో పక్కపక్కన పడుతుంది. తను కొట్టిన మేకు మీద, తోడల్లుడు దయతలచి ఇచ్చిన సగం చోటు. అందరికీ ఎంతో ఉదారంగా కనిపించే సగం. రేపు అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది: "మా చిన్నల్లుడు పెద్దాయన పేరు కూడా వేయించాడు, ఎంత మంచివాడో."

"ఏం మాట్లాడరేం?" అన్నాడు చిన్నల్లుడు. తర్వాత గొంతు తగ్గించి, బయటికి చూస్తూ అన్నాడు. "మీకొకటి చెప్పనా? మీరంటే నాకు కుళ్ళు."

"నేనంటేనా?"

"మీరు సైరన్ వేయిస్తే గనిలో చీమ కూడా కదలదు. మేనేజరైనా సరే మీరు సరే అనేదాకా గేటు బయట నించోవాల్సిందే. నేను గీతలు గీస్తాను అన్నయ్యా. ఎవరైనా చెరిపేయొచ్చు, మీరు చెరిపేశారు కూడా. ఇంట్లో ఫ్యాను ఆగిపోతే మీ మరదలు నా వైపు కూడా చూడదు. 'బావగారిని పిలుద్దాం' అంటుంది. ఐదు గదుల ఇల్లు అనగానే ఆమె అడిగిన మొదటి మాట ఏమిటో తెలుసా? అక్కడ ఫ్యాన్లు ఎవరు బిగిస్తారు అని."

ఈ మాట విన్నాక మనసు కరగాలి. కరగలేదు. ఇంకాస్త మండింది. ఇన్నాళ్ళూ తన గుండెల్లో దాచుకుని, తనని రాత్రీ పగలూ తిన్న ఆ కుళ్ళుని వీడు ఇంత తేలిగ్గా, నవ్వుతూ, బండిలో కూర్చుని బయట పెట్టేశాడు. కుళ్ళడం కూడా వీడు తనకంటే హుందాగా కుళ్ళుతున్నాడు.

"గోడ వైపు," అన్నాడు పెద్దల్లుడు.

నిజానికి జరిపింది ర్యాంపు వైపు.

చిన్నల్లుడి ముఖం లైటు వేసినట్టు వెలిగింది. "గోడ వైపా? అటు పక్క కుప్ప ఇంకా అలాగే ఉంది. అదంతా చెత్తేనని ఎవరూ ముట్టుకోలేదు. ఈ పూట ఎక్స్‌కవేటర్ ఖాళీగానే ఉంటుంది. ఇప్పుడే వెళ్ళి నాలుగు బకెట్లు తవ్వించి, నమూనాలు ల్యాబులో ఇస్తాను. రేపు వాళ్ళు వచ్చేసరికి ఫలితం చేతిలో ఉంటుంది."

"ఇవాళ సెలవు."

"నాకు సెలవేంటి అన్నయ్యా." అతను పెద్దల్లుడి చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. "మీ మేలు మరిచిపోను. రేపు తెల్ల చొక్కా వేసుకురండి, ఫోటోలో బాగుంటుంది."

బండి వీధి మలుపు తిరిగేదాకా చూసి పెద్దల్లుడు లోపలికొచ్చాడు. స్టూలు వైపు చూడలేదు. చేతులున్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"చిన్నల్లుడేడి?" అంది అత్తగారు.

"పని పడింది. గనికి వెళ్ళాడు."

"చూశారా, సెలవు రోజైనా సరే."

"అవును అత్తయ్యా. ఇంకాస్త కూర వెయ్యండి."

అందరూ అతని వైపు వింతగా చూశారు. అతను మాత్రం తింటున్నాడు. రేపు పొద్దున, సూటు వేసుకున్న పెద్దమనుషుల ముందు, చిన్నల్లుడు గోడ పక్క కుప్ప చూపిస్తాడు. ల్యాబు వాళ్ళు తల అడ్డంగా ఊపుతారు. ఉత్త రాయి. అప్పుడు గోడ మీది ఫ్రేము సంగతి అత్తగారే చూసుకుంటుంది. అది దిగాక నాలుగు రోజులాగి, తీరిగ్గా, ర్యాంపు వైపు తవ్వి చూడమని తనే మేనేజరుతో అంటాడు. అప్పుడు ఒక్కడి ఫోటోయే పడుతుంది.

మామగారు ఏదో క్రషర్ కాలం నాటి జోకు చెబితే అతనే అందరికంటే గట్టిగా నవ్వాడు.

చెయ్యి కడుక్కుంటుంటే భార్య వెనకే వచ్చింది. "ఏమిటి ఇవాళ ఇంత హుషారు? ఏమన్నాడు మీ తమ్ముడు?"

"ఏమంటాడు. బండి చూపించాడు."

"నాకెందుకు చెబుతారులెండి. నెల రోజుల నుంచీ నాతో మాట్లాడుతున్నది మాటలా, మూలుగులా? అడగాలనుకున్నవన్నీ బ్యాగులోనే ఉండిపోతున్నాయి." ఆమె హ్యాండ్‌బ్యాగులో చెయ్యి పెట్టి వెతికింది. "ఇదిగో. మీ పని చొక్కా ఉతుకుతుంటే జేబులో దొరికింది. పారేద్దామంటే మీ మందు సామాను ఏదీ ముట్టుకోవద్దంటారు. అడగాలని ఇందులో వేశాను."

వేలెడంత పసుపుపచ్చ ప్లాస్టిక్ గొట్టం. సిరా అయిపోయిన పెన్ను రీఫిల్‌లా ఉంది.

అతను తువ్వాలు పక్కన పడేసి దాన్ని అందుకున్నాడు.

మందు కూరిన ప్రతి రంధ్రంలోంచీ ఇలాంటి గొట్టం ఒకటి పైకి వస్తుంది. నిప్పు దాని లోపల్నుంచి పరుగెత్తి అడుగునున్న మందుని చేరుతుంది. నిప్పు నడిచిన గొట్టం లోపల మసిబారి ఉంటుంది. నడవని గొట్టం లోపల సన్నటి వెండి పొడి, పొర కట్టి, మెరుస్తూ ఉంటుంది.

అతను దాన్ని కిటికీ వెలుతురులో పైకెత్తి చూశాడు. లోపల వెండిలా మెరిసింది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు పేలుడు అయ్యాక, గోడ పక్క ఆఖరి వరసలో, రాళ్ళ సందులోంచి ఈ గొట్టం తొంగి చూసింది. కత్తితో కొస కోసి జేబులో వేసుకున్నాడు. ముందు ఆ మేకుల పని చూద్దాం, తర్వాత దీన్ని తీరిగ్గా చూద్దాం అనుకున్నాడు. మేకులు పీకాడు, జరిపాడు, ముడులు వేశాడు. ఈలోగా రేడియోలో గేటువాడు "సరేనా సార్?" అన్నాడు. చేతిలో ఇంకా ఎర్ర టేపు ఉంది. "సరే" అనేశాడు.

ఇన్నాళ్ళుగా గోడ పక్క కుప్ప కింద, ఒక రంధ్రం నిండా పేలని మందు ఉంది. చెత్త కదా అని ఎవరూ ఆ కుప్ప జోలికి పోలేదు. ఇవాళ పోతున్నారు. తను పంపితే పోతున్నారు. ఇనప పళ్ళ బకెట్, అది నడిపే ఆపరేటరు, దాని పక్కనే నమూనాల సంచి పట్టుకుని తోడల్లుడు.

"ఏమైంది?" అంది భార్య. "ముఖం అలా అయిపోయిందేం?"

అతను తల తిప్పాడు. అక్కడి నుంచి ముందు గది గోడ కనిపిస్తోంది. ఒక్క క్షణం, నిజంగా ఒకే ఒక్క క్షణం, ఆ గోడ మీద తన మేకు ఖాళీగా కనబడింది. దాని కింద అత్తగారు వంగి తన పళ్ళెంలో కూర వడ్డిస్తోంది. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. ఐదు గదుల మాట ఎవరూ ఎత్తడం లేదు.

వంటింట్లోంచి మరదలు గొంతు వినిపించింది. "అక్కా, ఆయన వచ్చేసరికి చల్లారిపోతుంది, గిన్నె మీద మూత పెట్టవే. పాపం, ముద్ద కూడా తినకుండా వెళ్ళారు."

పెద్దల్లుడు పరుగెత్తాడు.

చెప్పులు కూడా వేసుకోలేదు. మోటారు సైకిల్ స్టార్టు చేస్తూనే ఫోను చేశాడు. మోగింది, మోగింది, ఆగింది. మందు వాడే గని కదా, ఎవరి ఫోనైనా గేటు దగ్గర అరలో పెట్టి తాళం వేయాల్సిందే. ఆ నియమం పెట్టించిందే తను. చిన్నల్లుడి ఫోను ఇప్పుడు ఆ చీకటి అరలో మోగుతూ ఉంటుంది.

ఇక మిగిలింది గేటు గదిలో రేడియో ఒక్కటే. అందులో మాట్లాడితే గని మొత్తం వింటుంది. లారీలవాళ్ళు, షవల్‌వాళ్ళు, మిల్లు, మేనేజరు. పేలని మందు ఉందనాలి. ఎందుకు చూడలేదంటారు. ఆ సమయంలో ఏం చేస్తున్నావంటారు. ఒక ముడి విప్పితే మిగతావన్నీ వాటంతటవే విడిపోతాయి. ఉద్యోగం, లైసెన్సు, పరువు, భార్య ముఖం. దారంతా ఇదే లెక్క. అయినా యాక్సిలరేటరు మీది చెయ్యి మాత్రం సడలలేదు.

గేటువాడు లేచి నిలబడ్డాడు. "ఏంటి సార్, వట్టి కాళ్ళతో వచ్చారు? చిన్న సారు ఇప్పుడే కిందికి దిగారు."

"సెట్టు ఇవ్వు."

"ఈ పూట మీకు డ్యూటీ..."

పెద్దల్లుడు బల్ల మీది సెట్టు లాక్కున్నాడు. ఆ పాత సెట్లతో ఒక చిక్కుంది. ఒకరు మీట నొక్కి మాట్లాడుతున్నంతసేపూ ఇంకొకరి గొంతు ఎవరికీ వినబడదు. ముందు నొక్కినవాడిదే మాట.

అతను మీట మీద బొటనవేలు పెట్టేలోపే సెట్టు గరగరలాడింది. అందులోంచి చిన్నల్లుడి గొంతు హుషారుగా, ఇంచుమించు పాడుతున్నట్టుగా వచ్చింది.

"ఇంకా లోపలికి రా. ఇంకా. గోడకి ఆనుకుని. మా అన్నయ్య చెప్పిన చోటు ఇదే, ఆయన మాటంటే మాటే. ఆఁ, అక్కడే. దించు బకెట్ని."

పెద్దల్లుడు మీట నొక్కి అరిచాడు. చిన్నల్లుడు ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు.